చవక టైర్లు కొనేముందు: రిమ్ ఎక్కకముందే చూసుకోవాల్సినవి

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కారు టైర్లు మార్చాలంటే చాలామంది చేసే పని ఒకటే. రెండు మూడు షాపులకు ఫోన్ చేసి "నాలుగు టైర్లకి ఎంతన్నా?" అని అడుగుతారు. ఎవరు తక్కువ చెబితే బండి అక్కడికి పోతుంది. ధర అడగడం తప్పేమీ కాదు. కానీ ఆ ఒక్క అంకెలో టైరు ఎప్పుడు తయారైందో ఉండదు, ఎంత బరువు మోస్తుందో ఉండదు, బిల్లు ఇస్తారో లేదో ఉండదు. ఒకే కంపెనీ, ఒకే సైజు టైరు రెండు షాపుల్లో వెయ్యి రూపాయల తేడాతో కనిపిస్తే, చాలాసార్లు ఆ వెయ్యి ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట ఉంటుంది.

అందుకే ఇక్కడ చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. చూడాల్సినవన్నీ టైరు రిమ్ మీదికి ఎక్కకముందే చూసేయాలి. ఎక్కించి, గాలి పెట్టి, బండి షాపు దాటాక మీ చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.

కావలిలో ఉండే మా బావకు జరిగింది ఇదే. ఆయనది చిన్న కారు. మిగతా షాపులు చెప్పిన రేటు కంటే దాదాపు పాతిక శాతం తక్కువకు ఒక షాపులో నాలుగు టైర్లు వేయించారు. "కంపెనీ మాలే అన్నా, స్కీములో వచ్చింది, మీకు టెన్షన్ వద్దు" అని చెప్పి వేశారు. కొద్ది నెలలకే హైవే మీద 80 దాటితే స్టీరింగ్ వణకడం మొదలైంది. తర్వాత ముందు ఎడమ టైరు పక్కగోడ మీద నిమ్మకాయంత ఉబ్బు తేలింది. జాకీ ఎక్కించి లోపలి వైపు టార్చి వేసి చూస్తే అసలు సంగతి తెలిసింది. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవే గానీ రెండు ఒక ఏడాదివి, రెండు ఇంకో ఏడాదివి. పాతవి తయారై అప్పటికే నాలుగేళ్లు దాటింది. తేదీ ఉన్న వైపు లోపలికి పెట్టి బిగించడంతో బయటినుంచి చూస్తే కనిపించే దారి లేదు. బిల్లు అని ఇచ్చిన కాగితం మీద "ఎస్టిమేట్" అని అచ్చు, కింద పెన్నుతో "టైర్లు 4" అని, మొత్తం. అంతే.

షాపులో "గుంతలో పడుంటుంది సార్" అన్నారు. పక్కగోడ ఉబ్బడానికి గుంత దెబ్బ నిజంగానే పెద్ద కారణం. లోపలి దారాలు తెగితే అక్కడ గాలి ఒత్తిడికి రబ్బరు బయటికి వస్తుంది. అది గుంత వల్లనా, తయారీ లోపం వల్లనా అన్నది కంపెనీ మనిషి టైరు విప్పి చూసి తేల్చాలి. కానీ సరైన బిల్లు లేకపోవడంతో కంపెనీ డీలరు దగ్గర క్లెయిమే తీసుకోలేదు. మా బావను ఎక్కువగా బాధపెట్టింది డబ్బు పోవడం కాదు, చిన్న పిల్లల్ని ఎక్కించుకుని అదే టైర్ల మీద ఒంగోలు, నెల్లూరు తిరిగిన సంగతి.

పాత టైర్లు ఏం చెబుతున్నాయో చూడండి

కొత్తవి కొనేముందు పాతవి ఎలా అరిగాయో చూడాలి. ఈ పని ఎక్కువమంది వదిలేస్తారు. దాంతో పాత టైర్లను తిన్న లోపమే కొత్తవాటినీ తినేస్తుంది.

టైరు మధ్యలో ఎక్కువ అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువ పెడుతున్నారు. రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువతో నడుస్తోంది. ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణం, తప్పింది. చేత్తో చుట్టూ తడిమితే అలలుగా ఎత్తుపల్లాలు తగిలితే షాక్ అబ్జార్బర్లో, బ్యాలెన్సింగో (చక్రం చుట్టూ బరువు సమంగా ఉందో లేదో) చూపించాలి. ఈ నాలుగింట్లో ఏది కనిపించినా ముందు అది బాగుచేయించి, ఆ తర్వాతే టైర్ల సంగతి.

అసలు మార్చే సమయం వచ్చిందా అనేది కూడా టైరే చెబుతుంది. గాడుల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. పైన అరిగి అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు. కార్లకు చట్టం ఒప్పుకునే కనీస లోతు అదే. ద్విచక్ర వాహనాలకు 0.8 మిల్లీమీటర్లు. అక్టోబరు, నవంబరుల్లో మన తీరం మీద వాయుగుండాల వానలు పడేటప్పుడు 1.6 దాకా ఆగడం మంచిది కాదు. గాడిలో లోతు లేకపోతే టైరు కింద నీళ్లు బయటికి పోవు, బండి నీటి పొర మీద తేలి బ్రేకు మాట వినదు. 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చుకునేలా చూసుకోండి. కొత్త కారు టైరులో ఈ లోతు సుమారు 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది.

మీ బండి సైజు మీరే రాసుకోండి

డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీదో, బండి పుస్తకంలోనో టైరు సైజు, పెట్టాల్సిన గాలి రెండూ ఉంటాయి. ఇప్పుడు ఉన్న టైరు చూసి రాసుకోవద్దు. సెకండ్ హ్యాండ్ కారైతే పాత ఓనరు ఏ సైజు వేయించాడో తెలియదు.

ఉదాహరణకు 165/80 ఆర్14 85టి అని ఉందనుకోండి. 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం. ఆర్ అంటే రేడియల్ అనే తయారీ రకం. 14 అంటే రిమ్ అంగుళాలు. చివర ఉన్న 85టి ని ఎవరూ పట్టించుకోరు, కానీ ప్రాణం దానిలోనే ఉంది. 85 అంటే ఆ టైరు ఒక్కటి 515 కిలోల దాకా మోయగలదని. టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. అదే 82 అయితే 475 కిలోలే. కుటుంబమంతా ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తాలు వేసుకుని మే నెలలో హైవే మీద పోయే ఇళ్లు మనవి. ఈ నంబరు కంపెనీ చెప్పినదానికంటే తక్కువ ఉన్న టైరు ఎంత చవకైనా వద్దు.

షాపులో ఆ సైజు లేనప్పుడు "175/65 వేయించుకోండి సార్, అదే రిమ్ముకి పడుతుంది, చూడ్డానికి కూడా బాగుంటుంది" అంటారు. రిమ్ముకి పట్టేది నిజమే. లెక్క వేసి చూడండి. 165/80 ఆర్14 టైరు మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు, 175/65 ఆర్14 ది 583. అంటే బండి దాదాపు 18 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. స్పీడోమీటరు అసలు వేగం కంటే దాదాపు 6 శాతం ఎక్కువ చూపిస్తుంది, ఓడోమీటరులో కిలోమీటర్లూ అంతే ఎక్కువ తిరుగుతాయి. రొయ్యల గుంటల గట్ల మీదా, మట్టి రోడ్ల మీదా తిరిగే బండికి ఆ 18 మిల్లీమీటర్లు చాలా తేడా.

ఫోన్‌లో ధర కంటే ముందు ఇవి అడగండి

"అన్నా, ఈ సైజులో ఏ కంపెనీవి ఉన్నాయి? తయారీ ఏ సంవత్సరం, ఎన్నో వారం? జీఎస్టీ బిల్లు మీద టైరు నంబరు వేసి ఇస్తారా? ఫిట్టింగు, బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు, వాల్వు కలిపి మొత్తం ఎంత?"

తేదీ అడగ్గానే "అన్నీ కొత్తవే" అని దాటేసే షాపు ఒకటి ఉంటుంది, "ఒక్క నిమిషం ఆగండి, చూసి చెప్తా" అని గోడౌనులోకి పోయే షాపు ఒకటి ఉంటుంది. రెండోది రెండు వందలు ఎక్కువ చెప్పినా నేను అటే పోతాను. మొత్తం ధర అడగడానికి కారణం కూడా ఉంది. టైరు మీద తగ్గించి, బ్యాలెన్సింగు బరువులకీ, వాల్వులకీ, "నైట్రోజన్"కీ విడివిడిగా వేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. నైట్రోజన్ కోసం అదనంగా ఇవ్వాల్సిన పని లేదు, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. వారం వారం గాలి చూసుకుంటే చాలు.

నెల్లూరు ఆటోనగర్ వైపో, ఒంగోలు ట్రంకు రోడ్డు వైపో వెళ్లేవాళ్లు కనీసం ఒక కంపెనీ అధీకృత డీలరు ధర కూడా కనుక్కుని పెట్టుకోండి. మిగతా ధరల్ని దానితో పోల్చుకోవచ్చు.

షాపులో, టైరు ఇంకా నేల మీద ఉండగా

ఇక్కడ తొందరపడొద్దు. కుర్రాడు బండిని జాకీ మీద ఎక్కించడానికి వస్తాడు. "ముందు టైర్లు బయట పెట్టు తమ్ముడూ, చూసి చెప్తా" అనండి. నాలుగూ వరసగా పెట్టించండి.

మొదట తేదీ. పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2321 అని ఉంటే 2021లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైంది. ఈ నాలుగు అంకెలు చాలా టైర్లకు ఒక వైపే ఉంటాయి. ఇంకో వైపు చూసి "తేదీ లేదు సార్" అంటే తిప్పి చూపించమనండి. నాలుగు టైర్ల మీదా విడివిడిగా చూడాలి, ఒక్కటి చూసి వదిలేయకూడదు. ఆరు నెలల లోపువి అయితే చాలా మంచిది, ఏడాది లోపువి పర్వాలేదు. రెండేళ్లు దాటినవాటిని కొత్తవాటి ధరకు తీసుకోకండి. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. ముఖ్యంగా షాపు ముందు ఎండలో పేర్చిన టైరు తొందరగా గట్టిపడుతుంది. అయిదేళ్లు దాటిన టైరును ఏటేటా నిపుణులకు చూపించాలనీ, పదేళ్లు దాటితే గాడి ఎంత ఉన్నా తీసేయాలనీ పెద్ద టైరు కంపెనీలు చెబుతాయి. కొనే రోజుకే నాలుగేళ్లు అయిపోయిన టైరు అంటే దాని జీవితంలో దాదాపు సగం వేరేవాళ్ల గోడౌనులో గడిచిపోయినట్టే.

తర్వాత ఐఎస్ఐ గుర్తు. 2009 నాటి కేంద్రం ఉత్తర్వు ప్రకారం మన దేశంలో అమ్మే వాహనాల టైర్లకు ఇది తప్పనిసరి, బయటి దేశాల నుంచి వచ్చినవాటికి కూడా. కారు టైరు మీద ఐఎస్ 15633 అనీ, సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరూ ఉంటాయి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరి లైసెన్సో అక్కడికక్కడే వస్తుంది. పేరు ఎప్పుడూ వినని కంపెనీ టైరు చూపిస్తే ఈ పని తప్పకుండా చేయండి.

ఇక చేతులతో. టైరు మీద నల్లగా నిగనిగలాడే పాలిష్ ఉంటే పాత గుడ్డతో తుడవండి. గాడులను బొటనవేళ్లతో విడదీసి అడుగున చూడండి. వెంట్రుకంత సన్నటి పగుళ్లు కనిపిస్తే ఆ టైరు తీసుకోకండి. కొత్త టైరు మీద అచ్చులోంచి వచ్చిన రబ్బరు మొలకలు, అంటే ఆ సన్నటి వెంట్రుకల్లాంటివి, ఉంటాయి. రిమ్ముకి ఆనుకునే అంచు, అంటే బీడింగు, నలగకుండా ఉండాలి. అక్కడ ఇనుప లీవరు గీతలు ఉంటే ఆ టైరు ఇంతకుముందే ఒక రిమ్ ఎక్కి దిగింది. టైరు లోపల చెయ్యి పెట్టి తడమండి, పంచరు ప్యాచ్ తగిలితే ఇంకేం చెప్పక్కర్లేదు. అన్నిటికంటే ప్రమాదం, గుండు అయిపోయిన టైరుకు వేడి కత్తితో కొత్తగా గాడులు కోసి అమ్మడం. అలాంటివాటిలో గాడి అడుగున ఉండాల్సిన అడ్డ దిమ్మెలు ఉండవు, ఉన్నా తెగి ఉంటాయి. గాడి అంచులు అచ్చులో పోసినట్టు సమంగా ఉండవు.

రీబటన్, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పొర వేయించడం, దాని సంగతి వేరు. చీమకుర్తి నుంచి గ్రానైటు మోసే లారీలకు వెనక చక్రాలకు మంచి చోట చేయించిన రీబటన్ టైర్లు వాడటం మామూలే, తప్పు కూడా కాదు. వాటి గోడలు ఆ పని కోసమే తయారవుతాయి. కారుకు మాత్రం, ముఖ్యంగా ముందు చక్రాలకు, వాటి జోలికి పోవద్దు.

సెకండ్ హ్యాండ్ టైర్లను గురించి కూడా ఒక మాట. కొత్త కారు కొన్న రోజే అలాయ్ చక్రాలు వేయించుకునేవాళ్లు విప్పేసిన టైర్లు కొన్నిచోట్ల దొరుకుతాయి. తేదీ దగ్గరగా ఉండి, గాడి 7 మిల్లీమీటర్ల దాకా ఉండి, లోపల ప్యాచులు లేకపోతే అవి మంచి బేరమే. కాని అంత శుభ్రమైన టైరు అరుదుగా దొరుకుతుంది.

బిల్లు

2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ట్రాక్టరు టైర్లకు 5 శాతమే. పన్నుకు ముందు టైరు ధర 4,000 అనుకుంటే 720 పన్ను, మొత్తం 4,720. "బిల్లు వద్దంటే తగ్గిస్తా" అని షాపు చూపించే ఆశ ఈ 720లో ఎంతో కొంత. దానికి బదులుగా మీరు వదులుకునేది వారంటీ మొత్తం.

బిల్లు మీద ఇవి ఉండాలి: షాపు జీఎస్టీ నంబరు, మీ పేరు, బండి నంబరు, టైరు కంపెనీ, మోడలు, సైజు, నాలుగు టైర్ల సీరియల్ నంబర్లు, తయారీ వారం. మన రాష్ట్రంలో రిజిస్టరైన షాపు జీఎస్టీ నంబరు 37తో మొదలయ్యే 15 అక్షరాలు, అంకెలు. దాన్ని జీఎస్టీ వెబ్‌సైటులో కొట్టి షాపు పేరుతో సరిపోయిందో చూడొచ్చు. ఎస్టిమేట్, కొటేషన్, చిట్టీ, ఇవేవీ బిల్లు కావు. డబ్బు యూపీఐలో ఇవ్వండి, ఎవరికి ఎప్పుడు ఇచ్చారో రుజువు ఉంటుంది. వారంటీ కార్డు మీద అక్కడే ముద్ర వేయించుకుని, బిల్లుకూ టైర్ల తేదీలకూ ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి.

ధరను కిలోమీటరుకు లెక్కేసి చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. 4,720 పెట్టిన టైరు 45,000 కిలోమీటర్లు నడిచిందనుకుందాం, కిలోమీటరుకు సుమారు పదిన్నర పైసలు. 3,300కే వచ్చిన పాత టైరు 18,000కే పోతే కిలోమీటరుకు 18 పైసలు దాటుతుంది.

బిగించేటప్పుడు దగ్గరుండండి

టీ తాగి రమ్మంటారు, వెళ్లకండి. తేదీ ఉన్న వైపు బయటికి పెట్టి బిగించమని చెప్పండి. దిశ బాణం ఉన్న టైర్లయితే బాణం ముందుకు తిరగాలి, బయటి వైపు అని రాసి ఉంటే ఆ వైపే బయటికి ఉండాలి. ఇవి రెండూ లేని మామూలు టైరుకు తేదీ బయటికి పెట్టడంలో ఏ ఇబ్బందీ లేదు. ట్యూబ్‌లెస్ టైరుకు కొత్త వాల్వు వేయించండి, పాతదే వదిలేస్తే అక్కడి నుంచే గాలి కారుతుంది. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలికైన చోటు, దాన్ని వాల్వు పక్కకు తెచ్చి ఎక్కించాలి, అప్పుడు బరువులు తక్కువ పడతాయి.

రెండు టైర్లే కొంటుంటే కొత్తవి వెనక పెట్టించండి. ముందు చక్రాలే బండిని లాగే కార్లకు కూడా అంతే. చాలామంది ముందుకే పెట్టమంటారు. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే స్టీరింగులో తెలుస్తుంది, యాక్సిలరేటరు మీద కాలు తీస్తే కుదురుకుంటుంది. వెనకవి జారితే మాత్రం బండి గిర్రున తిరిగిపోతుంది.

బ్యాలెన్సింగు మిషను మీద రెండు వైపులా సున్నా వచ్చేదాకా చూడండి. అలైన్‌మెంటుకు ముందూ తర్వాతా రీడింగులు ప్రింటు తీసి ఇమ్మనండి. నట్లు ఎదురెదురుగా బిగించాలి. వంద కిలోమీటర్ల లోపు ఒకసారి మళ్లీ బిగింపు చూపించుకోండి.

మొదటి నెలలు, ఎండాకాలం

మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. కొత్త రబ్బరు పైపొర పోయేదాకా పట్టు పూర్తిగా రాదు. గాలి పొద్దున్నే, బండి నడవకముందు చూడాలి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పెరిగితే టైరులో ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది, అందుకని దారి మధ్యలో వేడి టైరు నుంచి గాలి తీయకూడదు. రోహిణి కార్తెలో తారు కాలుతున్నప్పుడు భయపడి గాలి తగ్గించి నడపడం మన దగ్గర అలవాటు. అది తలకిందుల పని. గాలి తగ్గితే పక్కగోడ ఎక్కువ వంగుతుంది, వంగిన కొద్దీ లోపల వేడి పుడుతుంది, హైవే మీద టైర్లు పేలేది చాలావరకు అందుకే. స్టెప్నీలో గాలి కూడా చూడండి. పదివేల కిలోమీటర్లకు ఒకసారి టైర్ల స్థానాలు మార్పించండి.

తేడా వస్తే

వణుకు ఒక్కటే ఉంటే ముందు బ్యాలెన్సింగు మళ్లీ చేయించండి, చాలాసార్లు అక్కడే తీరిపోతుంది. ఉబ్బు, పగులు, గాడి ఊడటం కనిపిస్తే ఆ టైరు మీద ఇంక నడపొద్దు, స్టెప్నీ వేసుకోండి. ఫొటోలు తీసి, షాపుకు వాట్సాప్‌లోనో ఉత్తరంగానో రాతపూర్వకంగా చెప్పండి. నోటిమాటకు రేపు రుజువు ఉండదు. అదే రోజు కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నంబరు తీసుకోండి. తయారీ లోపమని తేలితే కంపెనీలు సాధారణంగా మిగిలిన గాడి లోతును బట్టి డబ్బు తగ్గించి కొత్త టైరు ఇస్తాయి, గుంత దెబ్బకు ఇవ్వవు. తిరస్కరిస్తే కారణం కాగితం మీద అడగండి.

బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. లోపం ఉన్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోనని అనడం కూడా అంతే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడ మీద రాసినంత మాత్రాన ఆ హక్కు పోదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. కుదరకపోతే ఈ-జాగృతి వెబ్‌సైటులో నెల్లూరు లేదా ఒంగోలు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కొన్నది పక్క జిల్లాలో అయినా సరే. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, సమస్య వచ్చిన రెండేళ్ల లోపు వేయాలి.

ఆ టైరును మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. "పాతది ఇవ్వండి, కొత్తదానిలో తగ్గిస్తా" అని షాపువాళ్లు అడుగుతారు. తేదీ, సీరియల్ నంబరు, ఉబ్బు అన్నీ దాని మీదే ఉన్నాయి. పరీక్ష కోసం కంపెనీకి పంపాల్సి వస్తే ఆ నంబరు రాసి ఉన్న రసీదు చేతికి వచ్చాకే అప్పగించండి.